ముందుగదిలో చోటు లేదు

"ఓడని తెల్లారేసరికే రేవులో కట్టేశారు," అన్నాడు ఇస్మత్ పాషా, ఫూల్ చిక్కుళ్ల కూర గిన్నెలో రొట్టె ముంచుతూ. "వెయ్యిమందికి పైగా హాజీలు. మధ్యాహ్నపు అజాన్ అయ్యేసరికి అందులో ఒక్కరు కూడా మిగలరు. నువ్వెళ్లి ఆపాలి."

షౌకీ దమన్హూరీ నిలబడే విన్నాడు. ఆ గదిలో రెండో కుర్చీ విరిగిపోయి చాలాకాలమైంది. కైరోలో అబ్బాసియా పేటలో మందుల షాపు మీద ఉన్న ఆ రెండు గదులే దేశాన్ని కాపాడే రహస్య శాఖ. దేశాన్ని కాపాడ్డానికి మనుషులు దొరికారు గాని, కుర్చీ మాత్రం దొరకలేదు.

"ఏ ఓడ, పాషా?"

"జెడ్డా నుంచి సూయజ్‌కి వచ్చింది."

షౌకీ ఒకడుగు ముందుకేశాడు. "అందులో తహియా ఉంది. నా భార్య."

"తెలుసు. అందుకే నిన్ను పంపుతున్నా. ఇంకెవడినైనా పంపితే దారిలో టీ తాగడానికి ఆగుతాడు."

షౌకీ పళ్లు కొరుక్కున్నాడు. తహియాతో పాటు తానూ హజ్‌కి వెళ్లాలని సెలవు అడిగింది ఈ మనిషినే. దేశభద్రత అని చెప్పి ఆపేసింది ఈ మనిషే. ఆ నెలంతా షౌకీ ఒక తివాచీల వ్యాపారికి దొంగచాటుగా ఫొటోలు తీస్తూ గడిపాడు. చివరికి తేలిందేమిటంటే, అతను తివాచీల వ్యాపారి.

పాషా చేతులు తుడుచుకుని పని వివరించాడు. సైప్రస్ దీవిలో లిమసోల్ నుంచి పనిచేసే ముఠా. సూయజ్‌లో రేవు తగలబడితే ఓడలు వేరే దారి పడతాయి, వాళ్ల యజమానులకి పండగ. హాజీల ఓడ కట్టేసిన చోటికి పక్కనే పెట్రోలు జెట్టీ. అక్కడి వాల్వులు చేత్తో తెరవాలంటే ఇద్దరు ఆఫీసర్ల తాళాలు కావాలి. కంప్యూటర్‌కి మాత్రం ఏ తాళంతోనూ పని లేదు. కంట్రోల్ రూంలో ఉన్న ఆ ఒక్క కంప్యూటర్ మెమరీలో ముఠావాళ్లు ఒక దొంగ ప్రోగ్రాంని దాచారు. మధ్యాహ్నపు అజాన్ అవగానే అది వాల్వులు తెరుస్తుంది. పెట్రోలు నీళ్ల మీద పరుచుకుని ఓడ కిందికి చేరుతుంది. పక్కన చేపల పడవలో ఎవడో అగ్గిపుల్ల గీస్తాడు.

"ఆ పడవవాణ్ణి పట్టుకుంటే సరిపోదా?"

"అరవై పడవలున్నాయి. అందరూ సిగరెట్లు తాగేవాళ్లే."

"ఓడ ఖాళీ చేయించండి."

"చేయిస్తూనే ఉన్నారు కదయ్యా. ఒక్కొక్కరికీ మూడు దుప్పట్లు, ఒక ఫ్యాను, మక్కా నుంచి తెచ్చుకున్న రెండు డబ్బాల జంజం నీళ్లు. దిగడానికి ఒకటే నిచ్చెన. పొద్దు గూకేదాకా దిగుతూనే ఉంటారు. ప్రమాదం అని కేకేస్తే తొక్కిసలాటలోనే సగం మంది పోతారు."

"ఓడని పక్కకి లాగించండి."

"దానికి మంత్రి సంతకం కావాలి. మంత్రిగారు అలెగ్జాండ్రియాలో ఈత కొడుతున్నారు."

షౌకీ ఇంకేమీ అడగలేదు. ఇరవై ఏళ్ల సర్వీసులో అతను నేర్చుకున్నది అదొక్కటే.

పాషా డ్రాయర్‌లోంచి ఒక ఫ్లాపీ తీశాడు. "దీని పేరు హకీమ్. మెషీన్‌లో పెట్టి నడిపిస్తే దొంగ ప్రోగ్రాంని మెమరీలోంచి తుడిచేస్తుంది. నెవీన్ తయారుచేయించింది. లిమసోల్ ముఠాలో మన కన్ను ఆ అమ్మాయే. ఈ కుట్ర సంగతి చెప్పింది కూడా తనే. మూడు జాగ్రత్తలు చెప్పింది, చెవిన పెట్టుకో. కంప్యూటర్ ఆపకూడదు, ఆపితే వాల్వులు వాటంతటవే తెరుచుకుంటాయి. గడియారం తిప్పకూడదు, తిప్పినా అంతే. డిస్కులో ఏదీ తుడవకూడదు, తుడిస్తే దొంగది మేలుకుంటుంది. హకీమ్ ఒక్కటే దారి."

"ఇదంతా నెవీన్ చెప్పిందేనా?"

"ఇంకెవరు చెప్తారు? నాకేమన్నా కంప్యూటర్లొచ్చా?"

వెళ్లబోతుంటే పాషా ఒక స్క్రూడ్రైవర్ అందించాడు. పిడిలో వైర్‌లెస్ సెట్టు ఉందట. సూయజ్ నుంచి నేరుగా ఆఫీసుతో మాట్లాడొచ్చట.

*

సూయజ్ రోడ్డులో పాత ఫియట్ కారు కిటికీలోంచి కొలిమి గాలి కొడుతుంటే, షౌకీ నీలం రంగు మెకానిక్ దుస్తుల్లో చెమట కక్కుతూ స్క్రూడ్రైవర్‌తో మాట్లాడ్డానికి ప్రయత్నించాడు.

"హలో. పాషా. వినిపిస్తోందా?"

పిడిలోంచి ఒకావిడ వంకాయ కూర ఎలా వండాలో చెప్తోంది. కైరో రేడియో. ఎటు తిప్పినా, ఎంత తిట్టినా అదే. శాఖవాళ్లు లోపల పెట్టింది వైర్‌లెస్ కాదు, మామూలు ట్రాన్సిస్టర్. షౌకీ దాన్ని కిటికీలోంచి విసిరేయబోయాడు. పోతే సంజాయిషీ రాసుకోవాలని గుర్తొచ్చి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

తహియాకి అతను ట్యాక్సు ఆఫీసులో పనిచేస్తాడని మాత్రమే తెలుసు. పెళ్లయిన నాటి నుంచి అబద్ధాన్ని మోస్తున్నాడు. ఏ దేశం నుంచో దెబ్బలు తిని ఇంటికొస్తే షుబ్రా పేటలోని తన ఫ్లాటులో ముందు హాలు నిండా తహియా అన్నదమ్ములూ, వాళ్ల పిల్లలూ, ఎవరో బాబాయిలూ. సొంత ఇంట్లో కూర్చోడానికి చోటుండదు. వెనక మూడు గదులు ఖాళీగా ఉంటాయి. అందులోకి ఒక్కరూ వెళ్లరు. హాలు దాటి వెనక్కి వెళ్దామన్నా కాళ్లు పెట్టే సందుండదు. ఎన్నోసార్లు మెట్ల మీదే కూర్చుని సిగరెట్ కాల్చి, ఆ కుటుంబాన్నంతా మనసులో తిట్టుకున్నాడు. ఇవాళ మాత్రం ఆ హాలుని తలుచుకుని యాక్సిలరేటర్ ఇంకా గట్టిగా నొక్కాడు. తహియా లేకపోతే ఆ హాలుకి ఎవడొస్తాడు?

*

పెట్రోలు జెట్టీ కంట్రోల్ రూం అద్దాలగది. కిటికీలోంచి ఓడ కొండలా కనిపిస్తోంది. తెల్లబట్టల జనం, నెత్తిన మూటలు, నిచ్చెన మీద కదలని వరస. పైడెక్కు కటకటాల దగ్గర ఆకుపచ్చ గొడుగు ఒకటి ఎవరితోనో తగువు పడుతున్నట్టు ఊగుతోంది. అది తహియా గొడుగే. దాన్ని కొన్నది అతనే.

గదిలో కంప్యూటర్ ముందు ఒక లావుపాటి కుర్ర ఇంజనీరు తావ్లా ఆడుతున్నాడు, తెర మీద పాచికలు దొర్లిస్తూ. పేరు వగీహ్.

"ఏసీ మెకానిక్కుని, ఇంజనీరు గారూ," అన్నాడు షౌకీ, నడుముకి కట్టుకున్న గ్యాసు డబ్బా తట్టి చూపిస్తూ.

"రా మేస్త్రీ, రా ఉస్తా రా! పోయిన రమదాన్‌లో ఫోన్ చేశాం, ఇప్పుడొచ్చావు. మధ్యలో ఏమన్నా హజ్‌కి వెళ్లొచ్చావా?"

మూల కుర్చీలోంచి ఒకామె లేచింది. మీగడ రంగు సూటు, కళ్లజోడు, మల్లెల సెంటు వాసన. కంప్యూటర్ కంపెనీ తరఫున శిక్షణ ఇవ్వడానికొచ్చిన మేడమ్. జెట్టీలో సగం మంది ఆమె పాఠాలకి రావడం కంప్యూటర్ నేర్చుకోవడానికి కాదని అందరికీ తెలుసు.

"ఏసీలోంచి నీళ్లు కారుతున్నాయి," అంది.

"వేసవిలో కన్నీళ్లు ఎవరికైనా కారతాయి, మేడమ్," అన్నాడు షౌకీ. ఇంత సిగ్గుమాలిన సంకేతపదం రాసింది పాషాయే.

"నెవీన్ సర్వత్," అని పేరు చెప్పి ఆమె నవ్వి వగీహ్ వైపు తిరిగింది. "ఇంజనీరు గారూ, ఈయన ప్రభుత్వం మనిషి. మెషీన్ ఈయనకి అప్పగించండి."

షౌకీ కార్డు చూపించాడు. వగీహ్ మొహం పాలిపోయింది. కుర్చీలోంచి లేస్తూ కూడా పాచికల వైపే చూశాడు. "గెలుస్తున్నా ఉస్తా," అని గొణిగాడు.

షౌకీ ఫ్లాపీ దూర్చాడు. నెవీన్ చెప్పినట్టే మీటలు నొక్కాడు. డ్రైవు గరగరలాడింది. తెర మీద ఒక్క ముక్క వచ్చింది.

మెమరీ చాలదు.

"చాలదేంటి?" షౌకీ వగీహ్ మీదికి లేచాడు. "పోయిన వారమే నాలుగు మెగాబైట్లు కొత్తగా వేయించాం అన్నాడు పాషా!"

"వేశారు ఉస్తా. నా కళ్ల ముందే బిగించారు. డబ్బా మీద రిబ్బను కూడా కట్టారు."

నెవీన్ ఓపికగా చెప్పింది. "ఆ నాలుగూ మేడ మీద గదులు. అవి వేశారు గాని మెట్లు కట్టలేదు. ఈ మెషీన్ని నడిపించే వ్యవస్థ పాతది. ఏ ప్రోగ్రాం వచ్చినా కింద ముందుగదిలోనే కూర్చోవాలి. ఆ గది ఆరు వందల నలభై కిలోబైట్లు. కట్టినవాళ్లు అదే ఎక్కువనుకున్నారు. మీద ఎంత ఖాళీ ఉన్నా కింద చోటు లేకపోతే ఇదే జవాబు."

"అయితే ఆ ముందుగదిలో ఎవరున్నారు?"

"ఎవరు లేరని అడగండి," అంది నెవీన్. "అరబిక్ అక్షరాలు చూపించే ప్రోగ్రాం, అది ఒక్కటే సోఫా అంతా పరుచుకుంది. మౌసు. క్యాలెండర్. అజాన్ చెప్పే ప్రోగ్రాం. తావ్లా ఆట. వచ్చినవాళ్లు ఎవరూ వెళ్లరు. దొంగది దాక్కుంది అజాన్ ప్రోగ్రాంలోనే, ఈ దేశంలో దాన్ని ఎవరూ తీయరని వాళ్లకి తెలుసు. దాన్ని ముట్టుకోవద్దు. మిగతావాళ్లని ఒక్కొక్కరినీ బయటికి పంపితే హకీమ్‌కి చోటొస్తుంది."

వగీహ్ చేతులు జోడించాడు. "అరబిక్ తీయొద్దు ఉస్తా! మా డైరెక్టరు గారికి ఇంగ్లీషు రాదు. పోయినవారం ఈ మేడమే అడిగితే నేనొప్పుకోలేదు."

"నోర్మూసుకో," అన్నాడు షౌకీ.

తావ్లా మూశాడు. హకీమ్‌ని నడిపించాడు. మెమరీ చాలదు. క్యాలెండర్ తీసేశాడు. మెమరీ చాలదు. మౌసు తీసేశాడు. మెమరీ చాలదు. ప్రతిసారీ డ్రైవు అదే గరగర, తెర మీద అదే ముక్క, పెన్షన్ ఆఫీసు కిటికీ వెనక గుమస్తాలాగా. కిటికీ బయట వరస అంగుళం కూడా జరగలేదు. గొడుగు ఉన్నచోటే ఉంది. చెమట కళ్లల్లోకి కారుతోంది. గదిలో ఏసీ నిజంగానే పాడయింది, దాన్ని బాగుచేయాల్సింది తనే.

ఫోన్ మోగింది. పాషా.

"అయిందా?"

"మెమరీ చాలదంటోంది, పాషా!"

"అదెలా? ఇన్ని మెగాబైట్లు కొనిచ్చాం కదా! గట్టిగా నొక్కి చూడు."

షౌకీ ఫోన్ పెట్టేశాడు. పెట్టడం కాదు, కొట్టాడు.

"అరబిక్," అంది నెవీన్ మెత్తగా. "అది తీయకుండా అవదు."

తీసేశాడు. తెర మీద అరబిక్ అక్షరాలన్నీ చీమలు పారినట్టు చెదిరిపోయి ఇంగ్లీషు మిగిలింది. వగీహ్ తల పట్టుకుని గోడకి జారబడ్డాడు.

షౌకీ హకీమ్‌ని నడిపించాడు. మెమరీ చాలదు.

ఇంగ్లీషులో వచ్చినా అదే మాట. షౌకీ టేబుల్ మీద పిడికిలితో గుద్దాడు. "ఇంకేం తీయాలి? ఇంకేముంది తీయడానికి?"

"ఏం వద్దు," అంది నెవీన్ చేతి గడియారం చూసుకుంటూ. హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుంది. "ఇప్పుడు సరిపోతుంది."

"ఏం సరిపోతుంది? ఇప్పుడే కదా చాలదంది?"

ఆమె తలుపు వైపు నడిచింది.

గోడ దగ్గర నేల మీద కూర్చున్న వగీహ్ ఏడుపుగొంతుతో అన్నాడు: "ఈ ముక్క రోజూ చూస్తూనే ఉన్నాం ఉస్తా. రోజూ మధ్యాహ్నం మెషీన్‌లో అజాన్ అయిపోగానే ఇదే వస్తుంది. హాజీల ఓడలు రావడం మొదలైన రోజు నుంచీ ఇదే గోల. అందుకే కదా ఈ మేడం కంపెనీకి ఫిర్యాదు చేశాం."

షౌకీ చేతులు మీటల మీదే ఆగిపోయాయి.

రోజూ. అజాన్ అవగానే. మెమరీ చాలదు.

హకీమ్‌ని ఎవరూ నడిపించని రోజుల్లో ఎవరికి చాలలేదు? అజాన్ ప్రోగ్రాంలో దాక్కున్నది వాకిట్లో కాపలావాడే. అసలువాడు, వాల్వులు తెరిచే బండవాడు, డిస్కులో పడుకుని ఉన్నాడు. వేళ కాగానే కాపలావాడు వాణ్ణి లోపలికి పిలుస్తున్నాడు. వాడు వస్తున్నాడు. ముందుగదిలో అరబిక్ సోఫా అంతా పరుచుకుని ఉంది, క్యాలెండరూ మౌసూ గుమ్మంలో కూర్చున్నాయి, వగీహ్ పాచికలు దొర్లిస్తున్నాడు. వాడికి చోటు లేదు. వెనక్కి పోతున్నాడు. రోజుకో ఓడ చొప్పున ఇన్ని ఓడల జనం బతికింది ఈ తిరునాళ్ల వల్ల. ఆ లిమసోల్ మేధావులు తమ ఖాళీ మెషీన్ల మీద తయారుచేసుకుని, ఇక్కడి మెషీన్‌లో ఇంత జనం ఉంటారని ఊహించలేదు.

ఇక హకీమ్ ఎక్కడా చోటు చాలని ఉత్త ఏనుగుబొమ్మ. దాని పని ఒక్కటే. మూర్ఖుడొకడి చేత గది ఖాళీ చేయించడం.

ఆ మూర్ఖుడు షౌకీ దమన్హూరీ.

లేచి తలుపుకి అడ్డం నిలబడ్డాడు. "గది ఎవరికోసం ఖాళీ చేయించావు, మేడమ్?"

నెవీన్ నిట్టూర్చింది. బ్యాగులోంచి లిప్‌స్టిక్ గొట్టం తీసింది. దాని చివర రంగు లేదు, సన్నని నల్లని కంత ఉంది. "పక్కకి జరుగు, షౌకీ. నీ మీద నాకు కోపం లేదు. అసలు కోపం ఈ దేశం మీద. ఒక మెషీన్‌లోంచి పాచికలాట తీయించాలంటే ప్రభుత్వాన్ని పిలవాల్సొచ్చింది. నేను అడిగితే ఈ లావుపాటి వెధవ టీ ఇచ్చాడు, బస్బూసా మిఠాయి పెట్టాడు, పని మాత్రం చెయ్యలేదు. ప్రభుత్వం చేత అడిగిద్దామని మీ పాషాకి నేనే కుట్ర సంగతి చెప్పా. ఆయన నాకు పతకం ఇస్తానన్నాడు."

"ఓడలో ఆడవాళ్లున్నారు."

"లిమసోల్‌లో నా పేరున ఇల్లుంది."

అప్పుడే రేవు మసీదులోంచి అజాన్ మొదలైంది. అల్లాహు అక్బర్. గొంతు నీళ్ల మీదుగా తేలుతూ అద్దాలకి తగిలింది.

నెవీన్ నవ్వింది. "అయిపోయింది."

షౌకీ కిటికీ వైపు తల తిప్పాడు. ఆకుపచ్చ గొడుగు ముడుచుకుంది. అజాన్ వింటూ ఆమె నిలబడిపోయినట్టుంది. అతను కళ్లు మూసుకున్నాడు.

ఏమీ అవలేదు.

మసీదులో అజాన్ పూర్తయింది. మెషీన్ కిక్కురుమనలేదు. నెవీన్ నవ్వు మొహం మీదే ఎండిపోయింది. ఆమె మెషీన్ వైపు చూసింది. షౌకీ వగీహ్ వైపు చూశాడు.

"అజాన్ ప్రోగ్రాంలో ఊరు ఏది పెట్టావు?"

"ఊరేంటి ఉస్తా?"

"సూయజ్ పెట్టావా, ఇంకేదన్నానా?"

"ప్రోగ్రాం వచ్చినప్పుడు ఏముందో అదే ఉంది. కైరో. ఎవడు మారుస్తాడు?"

సూయజ్‌లో పొద్దు కైరో కంటే కాస్త ముందు నడినెత్తికి వస్తుంది. టీ చల్లారేంత తేడా; మెషీన్ లెక్కలో అజాన్ ఇంకా కాలేదు. ఈ దేశంలో పుట్టినవాడెవడికైనా తెలిసిన సంగతే. తెలిసీ ఎవడూ సరిచేయని సంగతి కూడా.

నెవీన్ కూడా అర్థం చేసుకుంది. ఆమె వేలు బిగుసుకునే లోపల షౌకీ నడుముకున్న ఏసీ గ్యాసు డబ్బా నొక్కాడు. తెల్లటి మంచు బుస్సుమని ఆమె చేతి మీద పడింది. కెవ్వున అరిచి లిప్‌స్టిక్ వదిలేసింది. అది నేల మీద పేలి, తూటా షౌకీ చెవి పక్కన గీరుకుంటూ గోడకున్న ఏసీలోకి దూసుకెళ్లింది. వగీహ్ తన బరువంతా పెట్టి ఆమె మీద కూర్చున్నాడు. శిక్షణ తరగతుల్లో అతను ఎన్నడూ ఇంత చురుకుదనం చూపించలేదు.

"ఇప్పుడు స్విచ్ కట్టేద్దామా ఉస్తా?" అన్నాడు రొప్పుతూ.

షౌకీ చెయ్యి స్విచ్ దాకా వెళ్లి ఆగింది. ఆపితే వాల్వులు తెరుచుకుంటాయని చెప్పింది ఈవిడే. అబద్ధమే కావచ్చు. నిజమైతే? "వాల్వుల బోర్డు సంగతి నీకు తెలీదా?"

"మూత తీస్తే గ్యారంటీ పోతుందన్నారు. తీయలేదు."

నెవీన్ నేల మీంచి పళ్లు బిగించి నవ్వింది. "కట్టెయ్యి, షౌకీ. ధైర్యముంటే కట్టెయ్యి."

ఆమె మాట నమ్మలేడు, నమ్మకుండా ఉండలేడు. వెయ్యిమందిని పెట్టి పాచికలు వేయలేడు. నమ్మదగింది ఒక్కటే కనిపించింది: ఇన్నాళ్లూ గది నిండుగా ఉంది, ఇన్నాళ్లూ ఓడలు బతికాయి.

"వగీహ్! అందర్నీ లోపలికి పిలువు."

"ఎవర్ని?"

"పంపించేసినవాళ్లందర్నీ! అరబిక్, మౌసు, క్యాలెండర్, నీ మేనమామ ప్రోగ్రాం ఏదన్నా ఉంటే అదీ! గుమ్మంలో కాలు పెట్టే చోటుండకూడదు!"

నెవీన్ చేతుల్ని ఏసీ వైరుతో కుర్చీ కాలికి కట్టేసి వగీహ్ మీటల మీద పడ్డాడు. అరబిక్ మూడు ఫ్లాపీల్లో ఉంది. మొదటిది గరగరమంటూ తిరిగింది. ఎంతకీ తెమలదు. షౌకీ డబ్బాని చేత్తో చరిచాడు, తిట్టాడు, బతిమాలాడు. రెండోది. తెర మీద చీమలు మెల్లగా అక్షరాలయ్యాయి. మూడోదాన్ని చదవనంది. వగీహ్ ఫ్లాపీ తీసి నోటితో ఊది, చొక్కాకి తుడిచి మళ్లీ దూర్చాడు. ఈసారి ఒప్పుకుంది.

మౌసు వచ్చింది. క్యాలెండర్ వచ్చింది.

షౌకీ జేబులో స్క్రూడ్రైవర్ మాట్లాడింది. అనౌన్సరు గంభీరంగా, తీరిగ్గా చెప్తున్నాడు: "కైరో నగర కాలమానం ప్రకారం మధ్యాహ్నపు అజాన్ వేళయింది. కైరో వెలుపల నివసించేవారు సమయంలో తేడా గమనించగలరు."

"గమనించాంరా నాయనా!" అని అరిచాడు షౌకీ. "తావ్లా! తావ్లా పెట్టు!"

వగీహ్ కంగారులో ఆట పేరు తప్పు కొట్టాడు. చెరిపి మళ్లీ కొట్టాడు. డిస్కు గిరగిర తిరిగింది. తెర మీద పాచికల పలక మెల్లగా, ఒక్కో గడే, ఒక్కో గడే గీసుకుంటోంది.

మెషీన్ కీచుమంది. డబ్బాలోపలి చిన్న స్పీకరు అజాన్‌ని పిచ్చుక గొంతుతో వినిపిస్తోంది. పలక సగమే గీసింది. ఆ కీచుగొంతు ఆఖరి మాటకొచ్చింది. ఆగింది.

డిస్కు ఎర్రదీపం వెలిగింది. ఎవరో లోపల నిద్రలేచారు. గోడ మీద వాల్వుల బోర్డులో ఆకుపచ్చ దీపాలు ఒకసారి రెపరెపలాడాయి. వగీహ్ పెదాలు ఏదో ఖురాన్ సూరా చదువుతున్నాయి. కుర్చీకి కట్టేసి ఉన్న నెవీన్ కూడా మెడ చాచి చూస్తోంది.

ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. ఇంకా వెలుగుతూనే ఉంది.

ఆరిపోయింది.

సగం గీసిన పాచికల పలక మీద, నిండైన అరబిక్ అక్షరాల్లో, పొద్దుట్నుంచీ ప్రాణం తోడేసిన ఆ ముక్క వచ్చి కూర్చుంది.

మెమరీ చాలదు.

షౌకీ దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. తర్వాత తెరని ముద్దుపెట్టుకున్నాడు.

*

సాయంత్రానికి పెట్రోలు గొట్టాన్ని ఇద్దరు ఆఫీసర్లు తాళాలతో వచ్చి చేత్తో ఖాళీ చేయించారు. ఆ తర్వాత ఒక నిపుణుడొచ్చి వాల్వుల బోర్డు మూత తీసి చూసి, స్విచ్ కట్టేసినా ఏమీ అయ్యేది కాదనీ, పొద్దున్నే కట్టేస్తే సరిపోయేదనీ చెప్పాడు. షౌకీ అతన్ని కొట్టకుండా వగీహ్ పట్టుకోవాల్సొచ్చింది.

పాషా ఫోన్ చేశాడు. "శభాష్! కాని ఆ మెమరీ చాలదు అనే గొడవ దేశానికి పరువు తక్కువ. రేపే ఇంకో నాలుగు మెగాబైట్లు పంపిస్తున్నా."

"వద్దు పాషా. ఒక కుర్చీ కొనండి."

రేవు గేటు దగ్గర తహియా రెండు డబ్బాల జంజం నీళ్లు, మూడు దుప్పట్లు, ఒక ఫ్యానుతో నిలబడి ఉంది. ఎండకి నల్లబడింది. నీలం దుస్తుల్లో, చేతికి మసితో, చెవి పక్కన గీతతో వస్తున్న భర్తని పైనుంచి కిందిదాకా చూసింది.

"ట్యాక్సు ఆఫీసులో ఏసీలు కూడా నీ చేతే బాగుచేయిస్తున్నారా?"

"మనుషులు తక్కువయ్యారు, హాజ్జా," అని హజ్ చేసొచ్చిన భార్యని కొత్త గౌరవంతో పిలిచాడు.

"అబద్ధం చెప్పేవాళ్లకి మాత్రం కొదవలేదు. ఇది పట్టుకో." ఫ్యాను అతని చేతిలో పెట్టింది. తర్వాత వేరే గొంతుతో అంది: "మధ్యాహ్నం అజాన్ వింటుంటే ఎందుకో నువ్వు గుర్తొచ్చావు. నీకోసం అల్లాకి దుఆ చేశా."

షౌకీ ఫ్యానుని గుండెకి ఆనించుకుని నడిచాడు.

షుబ్రా చేరేసరికి వీధి మొగదలే జగరూతలు, ఆడవాళ్ల సంబరపు కేకలు, వినిపించాయి. ఫ్లాటు తలుపు బార్లా తెరిచి ఉంది. హాజ్జాని చూడ్డానికి ముందు హాల్లోకి ఊరు ఊరంతా దిగింది. తహియాని చేతుల మీదుగా లోపలికి లాక్కున్నారు. ఆమె వెనకే షౌకీ గుమ్మంలో కాలు పెట్టబోతే బాబాయి ఒకాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"లోపల చోటు లేదు అల్లుడూ. ఉండు, పిల్లల్ని లేపి వెనక గదుల్లోకి పంపిస్తా."

"వద్దు బాబాయ్," అన్నాడు షౌకీ కంగారుగా. "దణ్ణం పెడతా, ఒక్కర్ని కూడా కదిలించకు."

మెట్ల మీద కూర్చుని, ఫ్యాను ఒళ్లో పెట్టుకుని, సిగరెట్ వెలిగించాడు.